150 గజాల డాబా మీద 40 మీటర్ల బ్యాండు వైరు: ఎస్‌డబ్ల్యూఆర్ దిగట్లేదు, ఎవరికీ వినపడట్లేదు

మూడులాంతర్ల కుర్రోడు
హ్యామ్ రేడియో (ఇంట్లోంచి రేడియోలో మాట్లాడుకునే హాబీ) రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్స్ వచ్చింది, కాల్‌సైన్ (గాలిలో పేరులా వాడే గుర్తు) వచ్చింది, స్వీట్లు పంచడం కూడా అయిపోయింది. అసలు బాధ ఇప్పుడు మొదలైంది. ఇల్లు విజయనగరంలోనే, 150 గజాల స్థలం, డాబా 27 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. పైన ఇంకో అంతస్తు వేద్దామని నాన్నగారు పిల్లర్ల చువ్వలు అలాగే వదిలేశారు. రిగ్ (రేడియో సెట్టు) మైక్రో బిట్‌ఎక్స్, 10 వాట్లు. 40 మీటర్ల బ్యాండంటే 7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు కాళ్ల వైరు యాంటెన్నా) పొడవుకి 143ని 7.1తో భాగిస్తే 20.14 మీటర్లు వస్తుంది కదా, ఒక్కో కాలు 10.07 మీటర్ల చొప్పున ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు కోశాను. డాబా మధ్యలో 20 అడుగుల జీఐ పైపు నిలబెట్టి, అక్కడి నుంచి ఎదురెదురు మూలలకి దింపి కట్టాను. 7.1 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే లెక్క, 1కి దగ్గరైతే మంచిది) 3 పైనే ఉంది. పొద్దున్న హైదరాబాద్ వాళ్లు, చెన్నై వాళ్లు మాట్లాడుకుంటుంటే పక్క గదిలో ఉన్నట్టు వినిపిస్తారు, నేను పిలిస్తే ఒక్కరూ పలకరు. పైగా మాట్లాడుతుంటే మైకు పెదవికి తగిలి చురుక్కుమంటోంది. ట్యూనర్ (రిగ్‌కీ యాంటెన్నాకీ పొత్తు కుదిర్చే డబ్బా) కొనేస్తే అన్నీ సర్దుకుంటాయని ఒకాయన అన్నాడు. కొనమంటారా?

నాగావళి గట్టు
కొనకు. డబ్బులు దాచుకో బాబూ. ట్యూనర్ పెడితే రిగ్ సంతోషిస్తుంది, పైనున్న వైరు మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది. ముందు ఇవి చెప్పు: డిప్ (ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తక్కువ ఉండే చోటు) ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వస్తోంది? వైరు చివరలు దేనికి కట్టావు? కేబుల్‌కీ వైరుకీ మధ్య బాలన్ గాని చోక్ గాని (కేబుల్ బయటి వైపు కరెంటు పారకుండా ఆపేవి) ఏమైనా ఉందా?

49కి1
150 గజాల్లో డైపోల్ ఏటి మాస్టారూ, ఇంకా ఆ రోజుల్లోనే ఉన్నారు. ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్ (ఒక చివరే కేబుల్ తగిలించే సగం తరంగం వైరు) పెట్టుకోమనండి. ఒక చివర కిటికీ దగ్గర చిన్న డబ్బా, రెండో చివర ఎక్కడ చెట్టుంటే అక్కడ. మధ్యలో గొట్టం లేదు, నెత్తి మీద వేలాడే కేబుల్ లేదు. 40, 20, 15, 10 నాలుగు బ్యాండ్లూ ఒకే వైరు మీద.

నాగావళి గట్టు
వచ్చావా. నీకోసమే చూస్తున్నా.

మూడులాంతర్ల కుర్రోడు
డిప్ ఎక్కడుందో తెలీదు సార్, నా దగ్గర ఉన్నది మామూలు మీటరు, బ్యాండు దాటి వెతకలేను. బాలన్ లేదు. ఆర్‌జీ 58 కేబుల్ 20 మీటర్లు, కోర్ (లోపలి తీగ) ఒక కాలికి, జాలీ (దాని చుట్టూ ఉండే అల్లిక) ఇంకో కాలికి నేరుగా టంకం పెట్టాను. చివరల సంగతేంటంటే, మూలకి వచ్చేసరికి రెండేసి అడుగుల వైరు మిగిలింది. అది పిల్లర్ చువ్వలకి చుట్టేశాను. వైరుకి ఇన్సులేషన్ ఉంది కదా, కరెంటు తగలదుగా.

తోటపాలెం_73
దొరికింది. చివరి రెండడుగులు ఇనప చువ్వకి చుట్టడమే సగం రోగం. డైపోల్ చివరలో కరెంటు సున్నా, వోల్టేజి బాగా ఎక్కువ. 10 వాట్లకే అక్కడ 150 వోల్టుల పైన ఉంటుంది, 100 వాట్లయితే 500. ప్లాస్టిక్ తొడుగు ఉన్నా ఆర్‌ఎఫ్‌కి (రేడియో కరెంటుకి) అడ్డం కాదు, చువ్వా వైరూ కలిసి కెపాసిటర్ అయిపోతాయి, రెజొనెన్స్ (వైరు సరిగ్గా పలికే ఫ్రీక్వెన్సీ) కిందికి జారిపోతుంది. ఆ చువ్వ స్లాబులో ఉన్న మొత్తం ఇనుముతో కలిసి ఉంటుంది, కాబట్టి నీ పవర్‌లో కొంత కాంక్రీటుకే పోతోంది.

ఇంకో సగం: ఆ 143 లెక్క తొడుగు లేని తీగ, తిన్నగా కట్టినప్పటి మాట. పీవీసీ తొడుగు ఉంటే మూడు నుంచి అయిదు శాతం దాకా పొట్టిగా కొయ్యాలి. కాళ్లు కిందికి దించి ఇన్వర్టెడ్ వీ కడితే ఇంకాస్త తగ్గాలి. నా దగ్గర నానో వీఎన్ఏ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో గీత గీసి చూపించే చిన్న మీటరు) ఉంది, మీ వీధికి దగ్గరే, సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. వైరు మాత్రం అప్పుడే కొయ్యకు.

రాగితీగ
వైరింగ్ వైరు మీద అంత డబ్బు పెట్టడం ఎందుకండీ. చీపురుపల్లిలో మోటార్ వైండింగ్ షాపు నాది, లైసెన్స్ మా తమ్ముడికి ఉంది, నాకు లేదు. 18 గేజి ఎనామిల్ తీగ 20 మీటర్లు కలిపినా పావు కిలో తూగదు. ఒకాయన వచ్చి తీగ కావాలన్నాడు, ఎన్ని హెచ్‌పీ మోటారుకి అని అడిగా. మోటారుకి కాదు, రష్యా వాళ్లతో మాట్లాడ్డానికి అన్నాడు. మా కుర్రోడు వెళ్లి ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఒకటే మాట, కాలిన మోటార్లలోంచి పీకిన పాత తీగ మాత్రం ఎవరు చౌకగా ఇచ్చినా తీసుకోకండి. ఎక్కడ వంచితే అక్కడ తెగుతుంది.

నాగావళి గట్టు
వైండింగ్ తీగ మంచిదే గాని మెత్తటి రాగి, లాగి కడితే సాగుతుంది. ఒక వర్షాకాలం దాటేసరికి పొడవు పెరిగి ఫ్రీక్వెన్సీ దిగుతుంది. కట్టే ముందు ఒక చివర స్తంభానికి బిగించి, రెండో చివర పట్టుకుని గట్టిగా ఓసారి లాగి ఉంచితే ఆ సాగేదేదో ముందే సాగిపోతుంది. ఆ తరువాతే కొలవాలి. కట్టుతీగ, జీఐ తీగ ఎవరైనా చెబితే వినకండి. పనిచేస్తుంది, కానీ ఇనుము కాబట్టి నష్టం ఎక్కువ, ఉప్పుగాలికి తుప్పు పడితే ఇక చెప్పక్కర్లేదు.

గుర్‌గుర్ బాధితుడు
వైరు గొడవ సరే, మీరంతా అదృష్టవంతులు. మాది భావనపాడు వైపు, చుట్టూ రొయ్యల చెరువులు. ఏరేటర్లు, వాటి ప్యానళ్లు తిరగడం మొదలైతే 40 మీటర్ల మీద మీటరు ముల్లు ఉత్త గోలకే ఎస్9 (బలమైన సిగ్నల్‌కి చూపించే అంకె) దగ్గర పడుకుంటుంది. హైదరాబాద్ వాళ్లు పక్క గదిలో ఉన్నట్టు వినిపిస్తున్నారని చదివి కుళ్లుకున్నా.

49కి1
@నాగావళి మాస్టారూ, కుర్రాడి డాబా మూల నుంచి మూలకి లెక్క కట్టారా? 57 అడుగులు కూడా లేదు. 66 అడుగుల డైపోల్ ఎలా పడుతుంది? అందుకే వైరు మిగిలి చువ్వకి చుట్టాడు పాపం.

నాగావళి గట్టు
పడుతుంది. వైరంతా తిన్నగా ఉండాలని ఎవరన్నారు? పని చేసేది ఎక్కువగా మధ్య భాగం, కరెంటు అక్కడే ఉంటుంది. చివరి మూడు నాలుగడుగులు కిందికి వేలాడినా, పిట్టగోడ వెంట పక్కకి తిరిగినా దాని పని అది చేస్తుంది. మూలల్లో చువ్వకి వెదురు బొంగు కట్టి, డాబా మీద నుంచి పదడుగుల ఎత్తు ఉండేలా చూసుకో. బొంగు కొస నుంచి మూడడుగుల వైరు కిందికి వదిలెయ్. చివర ఏడడుగుల ఎత్తులో ఉంటుంది, ఎవరి తలకీ తగలదు, ఇనుముకి కనీసం ఒక బార దూరంగా ఉండేట్టు చూసుకో. చెరుకు బండి మీద గెడలు మోసినట్టు నాలుగు మూలలా బొంగులు అక్కర్లేదు, రెండు చాలు. జీఐ పైపు ఇప్పటికే ఉందిగా.

ఉద్దానం కొబ్బరి
చెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మాది కవిటి మండలం. ఒకప్పుడు యాంటెన్నాకి స్తంభాలు వెతుక్కునే అవసరమే లేదు, ఏ వైపు చూసినా కొబ్బరి చెట్లే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే తోట లేదు. కరెంటు స్తంభాలు పడుకున్నాయి, ఫోన్లు మూగబోయాయి. నిలబడిన రెండు చెట్ల మధ్య వైరు కట్టి, ట్రాక్టర్ బ్యాటరీ మీద రిగ్ పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు తెలిసింది ఏమిటంటే, గాలివానకి ముందురోజు వైరు దించి చుట్ట చుట్టి ఇంట్లో పెట్టుకున్నాం కాబట్టి మళ్లీ కట్టుకోగలిగాం. పైనే వదిలేసి ఉంటే చెట్టుతో పాటే పోయేది. హుద్‌హుద్ 2014లో అక్టోబర్ 12న వచ్చింది, అదీ అక్టోబరే. అందుకే మేము దసరా వచ్చిందంటే తాడు ముడి తేలిగ్గా ఊడేట్టు వేసుకుంటాం.

చెట్టుకి కట్టే వాళ్లకి రెండు మాటలు. కొబ్బరి చెట్టు ఊగుతుంది, తాడు చెట్టుకి బిగించి కట్టారంటే మొదటి ఈదురుగాలికే వైరు తెగుతుంది. పైన కప్పీ పెట్టి, తాడు దాని మీదుగా కిందికి తెచ్చి, చివర ఇసక నింపిన అయిదు లీటర్ల డబ్బా కట్టండి. చెట్టు ఊగితే డబ్బా పైకీ కిందికీ ఆడుతుంది, వైరు బిగువు మారదు. తాడు బజార్లో దొరికే పల్చటి ప్లాస్టిక్‌ది వద్దు, ఎండకి పొడైపోతుంది. బారువలో వలల దుకాణంలో వేటకి వాడే నైలాన్ తాడు అడగండి. ఉడతలు కొరకవా అంటే కొరుకుతాయి, అది మన చేతుల్లో లేదు.

తాటిచెట్టయితే ఇంకా నయం, ఊగదు. ఎక్కడానికి మనిషి కావాలి. మా ఊళ్లో కల్లు గీసే ఆయన ఎక్కి పెట్టాడు. కూలి తీసుకోలేదు, రేడియోలో మాట్లాడతానన్నాడు. లైసెన్స్ గొడవ చెప్పి మాన్పించి, వినిపించాను. శ్రీలంక వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే విని, మన చేపల వాళ్లేనా అన్నాడు.

49కి1
చూశారా, చెట్టుంటే ఎండ్ ఫెడ్‌కి మించింది లేదు. లెక్క చెబుతా. సగం తరంగం వైరు చివర ఇంపీడెన్స్ (రేడియో కరెంటుకి ఎదురయ్యే అడ్డు) రెండు మూడు వేల ఓమ్‌లు ఉంటుంది. ఎఫ్‌టీ 240-43 ఫెర్రైట్ రింగు కోర్ మీద ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14 చుట్లు. 14 బై 2 అంటే 7, ఏడేడులు 49, 2450 ఓమ్‌లు 50కి దిగుతుంది. కేబుల్ వైపు 100 పికోఫారడ్ల హై వోల్టేజి కెపాసిటర్ ఒకటి. 10 వాట్లకయితే ఇంత పెద్ద కోర్ కూడా అక్కర్లేదు, 140-43 చాలు, ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ పద్ధతి) మీద గంటసేపు కొట్టినా గోరువెచ్చగా ఉంటుంది. రాజాంలో మా డాబా నుంచి పక్క వేపచెట్టుకి 20 మీటర్లు, అయిపోయింది.

తోటపాలెం_73
ఆ వేపచెట్టు ఎవరిది?

49కి1
పక్కింటి వాళ్లదే మేడమ్. వాళ్లకి చెప్పే కట్టాను. చెట్టు మీద కాకులు వాలట్లేదని ఆయన ఆనందంగానే ఉన్నాడు.

తోటపాలెం_73
అందరికీ అలాంటి పక్కింటివాళ్లు దొరకరు. ఎండ్ ఫెడ్‌తో నాకున్న పేచీ వేరే. డైపోల్‌కి రెండో కాలుంది, దీనికి లేదు. లేదంటే అసలు లేదని కాదు, కేబుల్ జాలీ బయటి వైపే ఆ పని చేస్తుంది. అంటే యాంటెన్నా మీ గదిలోకి, మీ మైకు దాకా వస్తుంది. ఈ అబ్బాయికి ఇప్పటికే మైకు చురుక్కుమంటోంది. రెండు మీటర్ల కౌంటర్‌పాయిజ్ (రెండో కాలి పని చేసే) వైరు వేసి, కేబుల్ మీద కొంత దూరంలో చోక్ పెడితే బాగుంటుంది, కాని అది ఎవరూ చెప్పరు, డబ్బా ఒకటి కొనుక్కో అంటారు. ఇంట్లో ఉన్న చెత్త శబ్దాలు కూడా అదే దారిలో లోపలికి వస్తాయి.

49కి1
చోక్ పెట్టమనే నేనూ అంటాను మేడమ్, అడగలేదని చెప్పలేదు.

నాగావళి గట్టు
ఇంకో రెండు పోస్టులు పోతే మధ్యలో గొట్టం పెట్టమని కూడా నువ్వే అంటావు.

వినేవాడు మాత్రమే
అడగొచ్చో లేదో, నేను ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్నా, లైసెన్స్ లేదు. తాతగారి ట్రాన్సిస్టర్ ఉంది. దానికి వైరు తగిలిస్తే మీరు మాట్లాడేది వినిపిస్తుందా? లైసెన్స్‌కి ఏం చెయ్యాలి?

రాగితీగ
బాతులు అరిచినట్టు వినిపిస్తుంది. మా తమ్ముడి గొంతు మామూలుగానే అలా ఉంటుంది, మీకు తేడా తెలీదు.

తోటపాలెం_73
@వినేవాడు, ట్రాన్సిస్టర్‌లో ఎస్‌ఎస్‌బీ (మేము మాటకి వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి) ఉండదు, అందుకే మాట అర్థం కాదు. ఎస్‌ఎస్‌బీ ఉన్న రేడియో గాని, కంప్యూటర్ ఉంటే ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కి తగిలించే రిసీవర్) గాని చూసుకో. 40 మీటర్ల మీద అందరూ లోయర్ సైడ్‌బ్యాండ్ వాడతారు. వినడానికి పది మీటర్ల వైరు ఏదైనా చాలు, కొలతలతో పనిలేదు. ప్రసారం చేయాలంటే మాత్రం లైసెన్స్ తప్పనిసరి. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ లేదు, జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 పదాల వేగం కావాలి.

మూడులాంతర్ల కుర్రోడు
మేడమ్ గారి వీఎన్ఏ తెచ్చి పెట్టాను. ముందు చువ్వల మీద ఉన్న వైరు విప్పి, వెదురు బొంగులు కట్టి, చివరలు కిందికి వేలాడదీశాకే కొలిచాను. డిప్ 6.75 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది, అక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. అంటే యాంటెన్నా బాగానే ఉంది, ఉండాల్సిన చోట లేదు. ఇంకో వింత, కేబుల్ చేత్తో పట్టుకుంటే గీత కదులుతోంది.

నాగావళి గట్టు
6.75ని 7.1తో భాగిస్తే 0.95. 20.14 మీటర్లని దాంతో గుణిస్తే 19.13. అంటే మొత్తం మీద మీటరు తగ్గాలి, కాలికి అరమీటరు. కొయ్యకు! వెనక్కి మడిచి దాని మీదే మెలిపెట్టి టేపు వెయ్. మడిస్తే కోసినంత తగ్గదు, కాస్త తక్కువే తగ్గుతుంది, కాబట్టి చూసుకుంటూ ఇంకో అంగుళమో రెండంగుళాలో మడవాలి. సరిపోయాక కావాలంటే అప్పుడు కోసుకో. నేనైతే అప్పుడూ కొయ్యను.

తోటపాలెం_73
కేబుల్ పట్టుకుంటే గీత కదిలిందంటే జాలీ బయటి వైపు కరెంటు పారుతోందని. పెదవికి చురుక్కు కూడా దానివల్లే. ఫీడ్ పాయింట్ దగ్గర, అంటే పైపు పైనే, ఆర్‌జీ 58 ని పదిహేనడుగులు తీసుకుని ఆరు చుట్లు చుట్టు. చుట్ట వెడల్పు సుమారు ఒక జానెడు వస్తుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఉండాలి, గుట్టగా కలిపేయకూడదు, ప్లాస్టిక్ టైలతో బిగించు. ఇనప పైపుకి ఆనించకుండా పీవీసీ ముక్క మీద కట్టు. దీనికి పైసా ఖర్చు లేదు. తరువాత ఎప్పుడైనా చేతిలో డబ్బులుంటే ఫెర్రైట్ రింగు మీద చుట్టుకోవచ్చు, అది ఇంకా మెరుగు.

ఉద్దానం కొబ్బరి
పైన కేబుల్ విడదీసిన చోట ఎం-సీల్ పెట్టి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టు తమ్ముడూ. నీళ్లు జాలీలోకి దిగితే లోపల్లోపలే రిగ్ దాకా నడిచొస్తాయి. కిటికీలోంచి లోపలికి వచ్చే ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పితే చినుకు అక్కడే కారిపోతుంది.

49కి1
ఆర్‌జీ 58 బదులు డిష్ కేబుల్ వాడుకోవచ్చు కదా? ఆర్‌జీ 6. చౌక, ప్రతి కేబుల్ షాపులో ఉంటుంది. 75 ఓమ్‌లే అయినా డైపోల్ ఇంపీడెన్స్ కూడా 73 దగ్గరే కదా.

నాగావళి గట్టు
మొదటిసారి నీతో ఏకీభవిస్తున్నా. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 దాటదు, నష్టం కూడా ఆర్‌జీ 58 కంటే తక్కువే. చిక్కల్లా జాలీ అల్యూమినియం, టంకం అంటదు. ఎఫ్ కనెక్టరే దిక్కు. ఇన్వర్టెడ్ వీ అయితే ఇంపీడెన్స్ 50 వైపు దిగుతుంది కాబట్టి కుర్రాడి దగ్గర ఉన్న కేబులే ఉంచుకోవచ్చు. 7 మెగాహెర్ట్జ్ మీద 20 మీటర్ల ఆర్‌జీ 58కి ఒక డీబీ కూడా పోదు.

గుర్‌గుర్ బాధితుడు
నా సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు.

తోటపాలెం_73
చెరువులు మీవి కావుగా, వాటిని ఆపలేం. ముందు మీ ఇంట్లోది ఎంతో తేల్చుకోండి. రిగ్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఆపేయండి, ఇన్వర్టర్ కూడా. శబ్దం పడిపోయిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆపైన ఒక్కొక్క ఎంసీబీ వేసుకుంటూ రండి. మా ఇంట్లో దొరికింది ఇంటర్నెట్ డబ్బా అడాప్టరు, మెట్ల మీద ఎల్‌ఈడీ బల్బు.

గుర్‌గుర్ బాధితుడు
చేశా. సగం ఏరేటర్లే, ఒప్పుకుంటా. మిగతా సగం మా బావగారి స్కూటర్ చార్జరు. ఎనిమిదింటికి చార్జింగ్ పెట్టొద్దంటే ఆయనకి కోపం. చెల్లెలు మధ్యవర్తి. రాత్రి పదకొండు తరువాత పెట్టుకునేట్టు ఒప్పందం కుదిరింది. ఇంకో మార్పు, డైపోల్‌ని తిప్పి కట్టాను, ఏరేటర్ల ప్యానెల్ వైరు చివర వైపు వచ్చేట్టు, ఆ వైపు నుంచి వచ్చేది తక్కువ వినపడుతుంది. ఎస్9 నుంచి ఎస్6కి దిగింది. మనుషులు వినపడుతున్నారు.

మూడులాంతర్ల కుర్రోడు
కొత్త సమస్య. ఎదురింటాయన వచ్చి మీరు సెల్ టవర్ పెట్టారట, ఎంత ఇస్తున్నారు అద్దె అని అడిగాడు. లేదన్నాక, అయితే రేడియేషన్ మాకెందుకు అన్నాడు. వాళ్ల అమ్మగారు గొట్టం చూసి సిరిమాను ఈసారి ఇక్కడి నుంచా అని అడిగారట.

49కి1
అమ్మగారికి దణ్ణం. పైడితల్లమ్మ జాతర రోజు ఆ గొట్టానికి పసుపు రాసెయ్, ఎవరూ అడగరు.

నాగావళి గట్టు
హాస్యం సరే. ఇంటికి పిలిచి కుర్చీ వేసి, లైసెన్స్ కాగితం చూపించు. నీ రిగ్ మొత్తం ఇచ్చేది 10 వాట్లు, ఆయన హాల్లో బల్బు 9 వాట్లు. మాట్లాడేటప్పుడే వెళ్తుంది, రోజంతా కాదు. ఆయన కొడుకు బెంగళూరులో ఉంటే, బెంగళూరు స్టేషన్ ఒకటి దొరికినప్పుడు వినిపించు. నేను ఇంతవరకు కాఫీతో తీరని గొడవ చూడలేదు. తీరకపోతే అప్పుడు 49కి1 గారి ఇంటికి పంపు.

రాగితీగ
గొట్టం ఎత్తేటప్పుడు కరెంటు తీగలు చూసుకోండి బాబూ. సరదా మాట కాదు ఇది. పైపు పొడవు ఎంతో అంతకి రెట్టింపు దూరంలో 11 కేవీ లైన్ ఉండాలి. వైరు లైన్ మీదుగా విసరడం, కింద నుంచి లాగడం రెండూ వద్దు. ఒక్కడే ఎత్తొద్దు.

వినేవాడు మాత్రమే
మరి పిడుగులు? మా అమ్మ అదే అడిగింది.

49కి1
కేబుల్ పీకి గాజు సీసాలో పెట్టేస్తే చాలు అనేవారు పాతవాళ్లు.

నాగావళి గట్టు
పాతవాళ్లు చెప్పినవన్నీ మంచివని కాదు. అన్ని కిలోమీటర్ల గాలిని దాటి వచ్చిన దానికి సీసా గాజు ఒక లెక్కా. కేబుల్ రిగ్ నుంచి పీకి ఇంట్లో వదిలేయడం కాదు, కిటికీ బయటికి నెట్టెయ్యాలి. పైపుకి విడిగా ఎర్త్ రాడ్డు, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపాలి. కేబుల్ లోపలికి వచ్చే చోట గ్యాస్ అరెస్టర్ (పోటుని భూమిలోకి మళ్లించేది) ఒకటి. ఇవన్నీ పెట్టినా నేరుగా పడిన పిడుగుని ఏదీ ఆపదు, పక్కన పడినప్పుడు వచ్చే పోటుకి మాత్రం పనికొస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా మన వైపు సాయంత్రం ఉరుములు మామూలే. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకో, విపత్తుల సంస్థ వాళ్ల మెసేజ్ కూడా వస్తుంది. ఆకాశం నల్లబడ్డాక డాబా ఎక్కి పీకడం కాదు, వాడనప్పుడు ఎప్పుడూ పీకేసి ఉంచడం అలవాటు చేసుకో.

మూడులాంతర్ల కుర్రోడు
7.09 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. చోక్ చుట్టాక కేబుల్ పట్టుకున్నా గీత కదలట్లేదు, మైకు చురుకు పోయింది. పొద్దున్న హైదరాబాద్ స్టేషన్ ఒకాయన పలికారు! 5 బై 7 (మాట స్పష్టత 5, సిగ్నల్ బలం 7) ఇచ్చారు, 10 వాట్లు అంటే నమ్మలేదు. మైక్రో బిట్‌ఎక్స్ రూపొందించిన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారి డిజైన్ రిగ్ అని చెప్తే అక్కడున్న మరో ఇద్దరు లోపలికి వచ్చారు, నాదీ అదే అంటూ. చెన్నై కూడా అయింది. కాని విశాఖ ఆయన ఒకరు నాకోసం రాత్రి పన్నెండున్నరకి కూర్చున్నారు, 50 కిలోమీటర్లు, ఒక్క ముక్క వినపడలేదు. అదే టైముకి ఇండోనేషియా వాళ్లు హాయిగా వినిపించారు. ఇదెక్కడి న్యాయం?

నాగావళి గట్టు
న్యాయంగానే ఉంది. నీ వైరు 40 మీటర్ల బ్యాండుకి పావు తరంగం ఎత్తులో ఉంది, అంటే సిగ్నల్ ఎక్కువ భాగం నేరుగా నెత్తిమీదికి వెళ్తుంది. పగలు అయనావరణం దాన్ని వెనక్కి దించుతుంది, ఐదారు వందల కిలోమీటర్ల దాకా గొడుగు పట్టినట్టే. అందుకే హైదరాబాద్ దొరికింది. అర్ధరాత్రి దాటాక పైన పొర పల్చబడితే నిలువుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్ వెనక్కి రాదు, దాటిపోతుంది. ఏటవాలుగా వెళ్లిందే వెనక్కి వస్తుంది, అది దిగేది దూరంగా. మధ్యలో ఉన్నవాళ్లకి మీరు లేనట్టే. విశాఖ ఆయనతో పొద్దున్న ఎనిమిదింటికి పెట్టుకో. రాత్రి దగ్గరివాళ్లు కావాలంటే 80 మీటర్లకి దిగాలి.

తోటపాలెం_73
ఇంకో మాట. నీ సిగ్నల్ ఎలా ఉందో ఎవర్నీ అడక్కుండా తెలుసుకోవాలంటే నెట్‌లో పెట్టిన రిసీవర్లున్నాయి, వేరే ఊళ్లోది తెరిచి నీ గొంతు నువ్వే విను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 వచ్చిందని మీటరు చూసుకుంటూ కూర్చోకు. డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్‌కి) కూడా 1 వస్తుంది, దాన్ని ఎవరూ వినరు.

49కి1
సరే మాస్టారూ, పందెం. నేను ఇదే డాబా మీద ఎండ్ ఫెడ్ కూడా కడతాను, స్విచ్ పెట్టి రెండూ మార్చి మార్చి అదే స్టేషన్‌తో చూద్దాం. 40 మీటర్ల మీద మీదే గెలిస్తే ఒప్పుకుంటా. 20 మీటర్ల మీద?

నాగావళి గట్టు
20 మీటర్ల మీద ఈ డైపోల్ పనిచెయ్యదు, ఫీడ్ పాయింట్ ఇంపీడెన్స్ వేలల్లోకి పోతుంది. ఆ బ్యాండుకి కాలు 5 మీటర్ల జత ఇంకోటి అదే ఫీడ్ పాయింట్‌కి కట్టి పక్కకి దించుకోవాలి. నీది గెలుస్తుంది అక్కడ. 40 మీద కడదాం రా. కుర్రాడి పర్మిషన్ అడుగు ముందు.

మూడులాంతర్ల కుర్రోడు
నాకేం అభ్యంతరం లేదు, అమ్మనే అడగాలి. ఆవిడ బొంగుల మధ్య బట్టలారేసే తాడు కట్టింది, ఆ మూలే ఎండ బాగా వస్తుందట. చివరలకి తగలకుండా ఉంటే పర్లేదా?

తోటపాలెం_73
తడి బట్టలు వైరుకి ఒక మీటరు దూరంగా, నువ్వు మాట్లాడనప్పుడు. వడియాలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

49కి1
@రాగితీగ, 80 మీటర్లకి ఒక 42 మీటర్ల తీగ కావాలి, 18 గేజి. శనివారం రాజాం నుంచి బండి మీద వస్తున్నా, ఉంటారా?

రాగితీగ
మధ్యాహ్నం రెండు లోపు రండి, తరువాత బోర్ మోటారు పని మీద గరివిడి వెళ్లాలి. చుట్ట తెచ్చుకోండి, తీగ మడత పడితే నన్ను అనకూడదు.